అత్తమ్మకు ఏడు వాక్యాలు

పదకొండు రోజుల కిందట నరేశ్ వెలగబెట్టిన ఘనకార్యం ఏమిటో ముందు ఒకసారి చెప్పుకుని ముందుకు పోదాం. అది పెద్ద కథేమీ కాదు. మూడు ముక్కల మాట.

నరేశ్ భార్య ఓల్యాకు ఏడో నెల నిండుతోంది. తొలుసూరు కాన్పు తల్లిగారింట్లోనే జరగాలనీ, అది కన్నతల్లి హక్కనీ, ఒకరి హక్కు కాజేస్తే మనకు మంచిది కాదనీ నరేశ్ తల్లి ఉప్పలమ్మ పట్టుబట్టింది. కోడలి తల్లిగారిల్లు పానగల్ పక్కనున్న ఏ ఊళ్లోనో కాక, రష్యాలో వోల్గా ఒడ్డున సరాతోవ్ అనే పట్నంలో ఉండటం ఆమె లెక్కలో చిన్న విషయం. "ఎంత దూరమైతేంది, ఇమానాలు లేవా?" అంది. ఆ తీపి కబురు అత్తగారికి తన నోటితోనే చెప్పాలని నరేశ్‌కు ఉబలాటం పుట్టింది. మూడు నెలలుగా నేర్చుకుంటున్న రష్యన్ నాలుక చివర ఎగురుతుంటే, ఓల్యా నోరు విప్పేలోపే వీడియో కాల్‌లో అనేశాడు: "ఓల్యాను మేము మీ దగ్గరికి పంపుతున్నాం. ఇంటికి. తల్లి దగ్గరికి." ఒక్క తప్పు లేకుండా అన్నాడు. కొంప మునిగింది అక్కడే.

అత్తగారు నీనా స్తెపనోవ్నా ముఖం సున్నం కొట్టినట్టు అయింది. "అర్థమైంది" అన్న ఒక్క మాట అని ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఓల్యా ఎన్నిసార్లు చేసి మా దగ్గర ఇది ఆచారం అమ్మా, గౌరవం కోసం చేసేది అమ్మా అని చెప్పినా ఆమె చెవికెక్కలేదు. పంపించేవాళ్లు ఏమంటారో, పంపించబడే పిల్ల వాళ్లను ఎట్లా వెనకేసుకొస్తుందో తనకు బాగా తెలుసంది. చివరికి ఒక షరతు పెట్టింది. ఎందుకు పంపుతున్నాడో ఆ అబ్బాయే, నువ్వు పక్కన లేనప్పుడు, తన నోటితో నాకు చెప్పాలి. అప్పటిదాకా ఫోన్ చెయ్యొద్దు.

అప్పటి నుంచి ఓల్యా కంచం ముందు కూర్చోవడమే తప్ప తిన్నది లేదు. ఇంకో పది రోజులు దాటితే విమానం ఎక్కనివ్వరని డాక్టరు చెప్పేసింది. కూతురు అక్కడికి పోవాలో, తల్లి ఇక్కడికి రావాలో, ఈ లోపల తేలాలి. తల్లీకూతుళ్ల మాటలు బందై బిడ్డ పుడితే ఆ పాపం తన మెడకే చుట్టుకుంటుందని ఉప్పలమ్మ బెంగ. "నేను మర్యాదకే గద బిడ్డా అన్నది. తప్పెట్లైంది?" అని రోజుకు నాలుగుసార్లు కొడుకును అడుగుతోంది. 

జవాబు కోసం కాకపోయినా, మాటల కోసం అతను వెళ్లింది బుష్రా దగ్గరికి.

నల్లగొండలో నరేశ్ బండ్ల రిపేరు దుకాణం పక్కనే అబ్దుల్ హమీద్ మోటార్ వైండింగ్ దుకాణం. ఆయన కూతురు బుష్రా. కిర్గిజ్‌స్తాన్‌లో ఆరేళ్లు డాక్టరీ చదివి వచ్చి, ఇక్కడి పరీక్ష పాసయ్యేదాకా దుకాణం మీది గదిలో పుస్తకాల మధ్య కాపురం చేస్తోంది. అక్కడి దవాఖానల్లో ముసలమ్మలు రష్యన్‌లో పలకరిస్తేగాని నోరు విప్పరట. కాబట్టి బుష్రా రష్యన్ అంతా రోగం అడిగే రష్యన్. తనకు వచ్చిందే నరేశ్‌కు నేర్పింది. మూడు నెలలు గడిచేసరికి నరేశ్ జ్వరం ఎన్నాళ్ల నుంచో అడగగలడు, నాలుక చాపమనగలడు, గట్టిగా ఊపిరి పీల్చి వదలమనగలడు. ఇవాళ ఎండ బాగుంది అనడం మాత్రం రాదు.

మొదటిసారి అత్తగారితో ఒంటరిగా మాట్లాడినప్పుడు ఆకలి అవుతోందా, కాళ్లకు వాపులున్నాయా అని అడిగి ఊరుకున్నాడు. పక్కగదిలో ఓల్యా నోటికి దిండు అడ్డం పెట్టుకుని నవ్వింది. నీనా స్తెపనోవ్నా నవ్వలేదు. ఇరవై ఏడేళ్లు ట్రాలీబస్సు నడిపిన మనిషి ఆమె. ట్రాలీబస్సంటే పైనున్న కరెంటు తీగలకు కొమ్ములు తగిలించుకుని నడిచే బస్సు. ఆమె కాళ్లను గురించి అడిగిన మనిషి ఈ భూమ్మీద అల్లుడొక్కడే. పావుగంటసేపు తన మోకాళ్ల చరిత్ర చెప్పింది. అల్లుడికి పది మాటలు అర్థమయ్యాయి. ఆ రోజు నుంచి ఇద్దరికీ బాగానే కుదిరింది. అందుకే ఈ పదకొండు రోజుల మౌనం నరేశ్‌కు మరీ కష్టంగా ఉంది.

సోమవారం బుష్రా కాగితం మీద ఏడు వాక్యాలు రాసి, పక్కన తెలుగు అక్షరాల్లో పలకడం ఎట్లాగో కూడా రాసి ఇచ్చింది. మొదటి వాక్యం దగ్గరే నరేశ్ బండి ఆగిపోయింది. అందులో "నీనా స్తెపనోవ్నా" అని ఉంది.

పేరు తీసెయ్యమన్నాడు. కుదరదంది బుష్రా. అక్కడ పెద్దవాళ్లను పేరూ, ఆ పేరు పక్కన వాళ్ల తండ్రి పేరూ కలిపి పిలవడమే మర్యాద అంది.

"అత్తను పేరువెట్టి పిలుసుడే తప్పాయె. మీదికెల్లి ఆమె అయ్య పేరు గూడ దియ్యాల్నా? మా అవ్వ ఇంటె చెప్పు దీస్తది," అన్నాడు నరేశ్.

అతని బాధ అతనిది. ఓల్యా పెళ్లయిన కొత్తలో నడిబజార్లో "నరేశ్" అని పిలిచినందుకే ఉప్పలమ్మ రెండు రోజులు చుట్టుపక్కల వాళ్లకు ముఖం చూపించలేదు. తన మొగుడు కాటమయ్య పేరు ఆవిడ ఆయన పోయిన తర్వాత కూడా ఎత్తదు. పింఛను ఆఫీసులో అడిగితే కొడుకు వైపు చూస్తుంది. అటువంటి తల్లి కొడుకు ఇతను.

"మరి గీ రెండేండ్లు ఆమెను ఏమని పిలిసినవ్ నరేశన్నా?"

నరేశ్ ఆలోచించాడు. ఏమనీ పిలవలేదు. తెలుగులో ఒక "అత్తమ్మా" లోపల అనుకుని, పైకి నేరుగా విషయంలోకి దిగేవాడు. గౌరవం ఎక్కువై పేరు మింగేశాడు. అవతల మనిషికి అది ఎట్లా వినపడి ఉంటుందో అతనికి ఇప్పటిదాకా తట్టనేలేదు.

"రెండేండ్లు ఒక్కపారి గూడ పిలువని అల్లుడు, ఉన్నట్టుండి బిడ్డను పంపుతా అన్నడు," అంది బుష్రా. "జర ఆమె దిక్కుకెల్లి సూడు."

నరేశ్ రాత్రంతా ఆ పేరు గొణుక్కుంటూ పడుకున్నాడు.

మంగళవారం ఉప్పలమ్మ కోడలిని తీసుకుని స్కానింగ్‌కు పోయింది. వాళ్లు తిరిగొచ్చేసరికి ఎట్లా లేదన్నా మధ్యాహ్నం అవుతుంది. నరేశ్ పదకొండింటికి దుకాణం షటర్ సగానికి దించి, బల్ల మీది స్పానర్లు పక్కకు జరిపి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. వీడియోలో చేతుల మసి కనపడుతుందని కాదు. పెళ్లిచూపులకు పోయినప్పుడు కూడా అతనికి ఇంత గుండెదడ లేదు. ఆ మాటకొస్తే అతనికి పెళ్లిచూపులే జరగలేదు. గోవాలో స్కూటర్లు కిరాయికిచ్చే చోట మెకానిక్కుగా ఉన్నప్పుడు, రష్యా యాత్రికులను తిప్పే ఓల్యా ఆగిపోయిన బండి తోసుకుంటూ వచ్చింది. అంతే.

ఫోన్ నాలుగోసారి మోగాక అవతల తెర వెలిగింది. చిన్న వంటగది, కిటికీలో పూలకుండీ, స్టవ్ మీద కెటిల్. నీనా స్తెపనోవ్నా జుట్టు వెనక్కి బిగించి కట్టుకుని, బస్సు స్టీరింగ్ ముందు కూర్చున్నట్టే నిటారుగా కూర్చుంది. ముందు అల్లుడి వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. నరేశ్ ఫోన్‌ను దుకాణం నాలుగు మూలలకూ తిప్పి చూపించాడు.

"నమస్కారం, నీనా స్తెపనోవ్నా," అన్నాడు.

అన్నాక భూమి బద్దలు కాలేదు. ఆమె మాత్రం కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. నరేశ్‌కు కాస్త ధైర్యం వచ్చి కాగితం పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. ఓల్యా ఆరోగ్యంగా ఉంది, బిడ్డ కూడా. మా ఊళ్లో మొదటి బిడ్డ తల్లి ఇంట్లో పుడుతుంది. అది తల్లికి ఇచ్చే గౌరవం. ఓల్యాతో నేను కూడా వస్తాను. బిడ్డ పుట్టాక ఇద్దరినీ నేనే ఇంటికి తీసుకుపోతాను. నా మాట మిమ్మల్ని బాధపెట్టింది, క్షమించండి. బడిలో ప్రార్థన చదివినట్టు ఎక్కడా ఆగకుండా చదివేసి తలెత్తాడు.

ఎవరు రాశారని ఆమె అడిగింది. డాక్టరని చెప్పాడు. ఆమె చేత్తో కాగితం అవతల పెట్టమని సైగ చేసింది.

"ఇది డాక్టర్ చెప్పింది. ఇప్పుడు నువ్వు చెప్పు."

నరేశ్ కాగితం బోర్లించాడు. దాంతో అతని దగ్గర ఉన్న సరుకంతా అయిపోయింది.  పక్క దుకాణంలో హమీద్ తీగ చుట్టే చప్పుడు వినిపిస్తోంది. అవతల ఆమె కదలకుండా చూస్తోంది. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది, పదకొండు రోజులుగా నిద్ర లేనట్టే ఉంది. కోపంతో ఉన్న మనిషి ముఖం అట్లా ఉండదని నరేశ్‌కు తోచింది. ఏదో అడగాలి. ఏం అడగాలన్నా అతనికి వచ్చిన ప్రశ్నలు బుష్రా నేర్పినవే.

"ఎక్కడ నొప్పి?" అని అడిగాడు.

అడిగిన తర్వాత సిగ్గేసింది. సిగ్గులో ఏం తోచక, దాని వెంట అలవాటుగా వచ్చే ప్రశ్న కూడా అడిగేశాడు. "ఎప్పటి నుంచి?"

నీనా స్తెపనోవ్నా నవ్వలేదు. లేచి వెళ్లి స్టవ్ ఆపింది. తిరిగొచ్చి ఫోన్‌కు దగ్గరగా కూర్చుంది. ఇంతసేపూ నిటారుగా ఉన్న భుజాలు కిందికి దిగాయి.

"చాలా ఏళ్ల నుంచి. ముప్పై ఏళ్ల నుంచి," అంది.

తర్వాత చిన్నపిల్లవాడికి చెప్పినట్టు, ఒక్కో మాట విడిగా, వేళ్లతో చూపిస్తూ చెప్పింది. గర్భం, ఏడో నెల, తల్లి, ఇల్లు, భర్త. అన్నీ బుష్రా దవాఖాన మాటలే కావడంతో ఒక్కటి కూడా నరేశ్‌ను దాటిపోలేదు. అప్పుడు తాను గర్భవతి. ఏడో నెల. భర్త తల్లి దగ్గరికి వెళ్లమన్నాడు, అక్కడ బాగుంటుందన్నాడు, తానే వచ్చి తీసుకుపోతానన్నాడు. వెళ్లింది. బిడ్డ పుట్టింది. అతను రాలేదు. ఆమె కిటికీ వైపు చూపించి, అక్కడ నిలబడేదాన్నని సైగ చేసింది. ఒక చలికాలం, తర్వాత ఇంకొక చలికాలం.

"ఇంటికి. తల్లి దగ్గరికి," అని మెల్లగా అంది. "నువ్వు అన్నావే, అవే మాటలు."

నరేశ్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. తన తల్లి ప్రేమగా చేతికిచ్చిన మాట, తాను ముచ్చటపడి అప్పజెప్పిన మాట, ఈ మనిషికి ఎక్కడ తగిలిందో ఇప్పుడు తెలిసింది. ఆచారం గురించి ఎన్ని కాగితాలు చదివినా ఈ గాయానికి అందేది కాదు. భాష సంగతి మరిచిపోయి తెలుగులోనే అన్నాడు:

"అత్తమ్మా, నేను ఇడిసిపెట్టి వచ్చెటోన్ని గాదు. నా పిల్లను, నా పెండ్లాన్ని ఆడ ఇడిసి నేనీడ ఎట్ల బతుకుత?"

ఆమెకు ఒక్క ముక్క తెలియదు. కానీ విన్నది. అతను వెంటనే రష్యన్‌లోకి దిగి, తానొకటి, ఓల్యా రెండు అని వేళ్లు చూపించాడు. పోయేటప్పుడు రెండు టికెట్లు. తర్వాత మూడో వేలు ఎత్తాడు. వచ్చేటప్పుడు మూడు. మూడు వేళ్లూ ఫోన్ ముందు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆమె వాటిని చాలాసేపు చూసింది.

"నువ్వు మంచివాడివి. నమ్ముతున్నాను," అంది. "కానీ ఓల్యాను ఇక్కడికి తేవద్దు. నేనే వస్తాను."

నరేశ్ సరిగ్గా విన్నానా లేదా అని రెండుసార్లు అడిగాడు. ఆమె తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత ఆ చేతిని విమానంలా గాలిలో నడిపించి చూపించింది. అతనికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. రెండేళ్ల కింద పెళ్లికి కూడా రాని అత్తగారు. తన మాట ఇంత పని చేసిందా? ఉబ్బి తబ్బిబ్బై, ఊరికే మాటవరసకు, ఓల్యాను ఎందుకు తేవద్దో అడిగాడు. అడగకపోయినా బాగుండేది.

ఆమె తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "ఓల్యా తండ్రి," అంది.

నరేశ్ ముఖం మర్యాదగా విచారంగా పెట్టాడు. ఆ సంగతి అతనికి తెలుసు. ఓల్యా కడుపులో ఉండగానే తండ్రి నదిలో మునిగి చనిపోయాడని పరిచయమైన మొదటి నెలలోనే ఓల్యా చెప్పింది. పెళ్లిలో ఉప్పలమ్మ కాటమయ్య ఫొటోతో పాటు ఆ పెద్దమనిషి ఫొటోకు కూడా దండ వేయించి దీపం పెట్టించింది. అందుకని, "చనిపోయారు" అని మెల్లగా అన్నాడు. అంతలోనే ఇందాక ఆమె అన్న "అతను రాలేదు" గుర్తొచ్చింది. చనిపోయిన మనిషి గురించైతే, రాలేదని ఎవరూ అనరు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"చనిపోలేదు. జివోయ్."

జివోయ్ అంటే బతికి ఉన్నాడని. రోగి దగ్గరికి పరుగెత్తినప్పుడు డాక్టరుకు ముందు కావలసిన మాట అదేనని బుష్రా నేర్పిన తొలి మాటల్లో అది ఒకటి. పొరపాటు పడే వీలే లేదు. ఆమె మిగతాది నాలుగు మాటల్లో చెప్పింది. వంతెన అవతలి ఊళ్లో ఉంటాడు. పోయిన నెల తన తలుపు తట్టాడు. కూతురిని చూడాలన్నాడు. ఓల్యా ఇక్కడికి వస్తే ఆగడు. ఓల్యాకు ఏమీ తెలియదు, ఈ పరిస్థితిలో తెలియకూడదు. బిడ్డ పుట్టాక తానే చెప్పుకుంటుంది. అప్పటిదాకా చెప్పొద్దు.

"సరే" అన్నాడు నరేశ్. ప్రతిదానికీ సరే అనడం కొత్తగా భాష నేర్చుకునేవాళ్లకు ఉండే జబ్బు. ఫోన్ పెట్టేశాక గాని ఆ మాట బరువు అతనికి తెలియలేదు. అత్తతో తన నోటితో తాను మాట్లాడాలని, మధ్యలో భార్యను అడగకుండా బతకాలని మూడు నెలలు కష్టపడ్డాడు. మాట్లాడాడు. దాని ఫలం, భార్యకు చెప్పకూడని మాట ఒకటి తన కడుపులో పడింది.

అనుకున్నదానికంటే ముందే ఆటో వచ్చి ఆగింది. ఉప్పలమ్మ ముందు దిగి కోడలి చెయ్యి పట్టుకుంది. ఓల్యా నడుము మీద ఒక చెయ్యి వేసుకుని షటర్ కిందుగా వంగి లోపలికి వస్తూనే నరేశ్ ముఖంలోకి చూసింది. రష్యన్ పిల్ల అయినా ఆమె మాట అచ్చం అత్తగారి మాటే.

"మాట్లాడినవా? మా అమ్మ ఏమన్నది?"

"వస్త అన్నది. ఈడికే వస్తదట, కాన్పుకు."

ఓల్యా ఒక క్షణం నమ్మలేదు. నమ్మాక అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చేసింది. పదకొండు రోజుల ఏడుపు అది, ఆపుకున్నదంతా పొంగి వచ్చింది. ఉప్పలమ్మ కోడలి తల నిమురుతూ ఆకాశానికి దండం పెట్టింది. తల్లి ఉన్న చోటే తల్లిగారిల్లు, మా ఇంటి వెనక గది వియ్యపురాలి పేర రాసిస్తా అని నోటికొచ్చినట్టు మురిసిపోయింది. ఆమెకు చలికాలపు రగ్గులు అక్కర్లేదని, ఎండకు తట్టుకునేందుకు కూలర్ మాత్రం కొనాలని అప్పుడే లెక్క వేసింది. నరేశ్ కూడా నవ్వాడు. నవ్వు సరిగా రాలేదు.

కొంచెం తేరుకుని ఓల్యా కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూ ఆగింది.

"మా అమ్మకు ఇమానం అంటె బయం. పెండ్లికే రాలే. గిప్పుడెట్ల వస్త అన్నది? ఇంకేమన్నది నరేశ్?"

"శానా చెప్పింది. నాకంత సమజ్ గాలే," అన్నాడు. రెండేళ్ల కాపురంలో భార్యకు చెప్పిన మొదటి అబద్ధం అది.

ఓల్యాకు నవ్వొచ్చింది. మూడు నెలలు చదివినా ఏం రాలేదా, ఉండు నేనే అడుగుతా అంటూ అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ముందు అన్నం తిను, తర్వాత చేద్దువు అని నరేశ్ అంటూనే ఉన్నాడు. ఉప్పలమ్మ కూడా వియ్యపురాలిని చూడాలని కోడలి పక్కకు జరిగి కొంగు సర్దుకుంది.

రెండో రింగుకే తెర వెలిగింది. నీనా స్తెపనోవ్నా ఇంకా ఆ వంటగదిలోనే, ఆ కుర్చీలోనే ఉంది. ఓల్యా "అమ్మా" అని మళ్లీ ఏడవడం మొదలుపెట్టింది, సంతోషంతోనే. తల్లి కూతురి తడి కళ్లను చూసింది. వెనక తల దించుకుని నిలబడ్డ అల్లుడిని చూసింది. ఆమె ముఖంలో రంగు మారింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

వద్దని నరేశ్ ఓల్యా భుజం మీదుగా తల అడ్డంగా ఊపాడు. ఆలస్యమైంది.

"అయితే చెప్పేశాడన్నమాట," అంది నీనా స్తెపనోవ్నా. "నన్ను క్షమించు తల్లీ. ఆయన బతికే ఉన్నాడని నీకు ఎప్పుడో చెప్పాల్సింది."

ఉప్పలమ్మ ఒక్కతే, ఏమీ తెలియక, వియ్యపురాలికి నవ్వుతూ రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఓల్యా ఏడుపు ఆగింది. ఫోన్‌ను ఒళ్లో పెట్టుకుని, మెల్లగా భర్త వైపు తిరిగింది.

"ఎవరు బతికున్నరు, నరేశ్?"